గోడకి ఇటుకలున్నాయి

కళ్లజోళ్ల షాపు, వెనుక గది
నవంబరు 14

ఒసే సోడాబుడ్డీ,

నిన్న సాయంత్రం నాలుగు గంటలకు హానర్స్ కోర్సుకు ఎంపికైనవాళ్ల జాబితా పెట్టారు. అందులో నా నంబరు లేదు.

ఫోన్ చేయొచ్చు. చేస్తే నేను ఏడుస్తాను, నువ్వు ఓదారుస్తావు, అసలు సంగతి ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను. ఉత్తరానికి ఉత్తరమే బదులు రావాలన్నది నువ్వు ఏడో తరగతిలో పెట్టిన రూలు. మర్చిపోలేదు కదా?

నాలుగింటికి నేను క్యాంపస్‌లో లేను. షాపులో ఒక పెద్దాయన కళ్లు పరీక్షిస్తున్నాను. డ్రైవింగ్ లైసెన్సు కోసం వచ్చాడు. కింది వరసదాకా తడుముకోకుండా చదివేశాడు. అనుమానం వచ్చి అక్షరాల బోర్డు మార్చాను. రెండో వరసలోనే ఆగిపోయాడు. "ఇదేం అన్యాయమమ్మా, నేను పాతది చదువుకుని వస్తే!" అన్నాడు. యజమాని పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తరువాతే క్లాసులో నా పక్కన కూర్చునే కుర్రాడు ఫోన్ చేసి జాబితా సంగతి చెప్పాడు.

మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. చెబితే, "ముప్పై నాలుగేళ్లకి నీకీ చదువెందుకే అంటే విన్నావా" అంటుంది. అక్క కాబట్టి అంటుంది. పడతాను.

కాని నా పరిస్థితి నీకు తెలుసు. ఈ చిన్న క్యాంపస్‌లో ఫిజిక్స్ మొదటి సంవత్సరం వరకే. రెండో ఏడు నుంచి మీ పెద్ద క్యాంపస్‌కి రావాలి. అక్కడ మామూలు హాస్టళ్లలో ఇరవై ఐదు దాటినవాళ్లకు గది ఇవ్వరు. వయసు అడగనిది హానర్స్ హాస్టల్ ఒక్కటే. అంటే హానర్స్ రాకపోతే నా చదువు వేసవితో సరి. ఫిబ్రవరి ఆఖరుకు ఉంటానో వెళ్తానో తేల్చమని యజమాని అడిగాడు.

నువ్వు అక్కడే మూడేళ్లుగా ఉన్నావు. ఎక్కడ దెబ్బతిన్నానో నీకే తెలియాలి. చెప్పు.

నీ పిన్ని

*

హానర్స్ హాస్టల్, రెండో అంతస్తు
నవంబరు 27

పిన్నీ,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. పరీక్షల హడావుడి. ఏమనుకోకు.

ఎంపిక ఎలా జరుగుతుందో చెబుతాను. దరఖాస్తుల మీద పేరు, ఊరు, వయసు తీసేస్తారు. ఒక్కో దరఖాస్తును ముగ్గురు చదువుతారు: ఒక అధ్యాపకుడు, ఒక పూర్వ విద్యార్థి, ప్రస్తుతం హానర్స్‌లో ఉన్న ఒక విద్యార్థి. ఒక్కొక్కరు పదికి మార్కులు వేస్తారు. మొత్తం ముప్పైకి ఇరవై నాలుగు వస్తే సీటు. మార్కుల్లో సగం భారం వ్యాసానిది. ఎవరు ఏది చదివారో బయటికి చెప్పరు.

సీటు రాకపోవడం నీ ఒక్కదానికే జరగలేదు. రాసినవాళ్లలో ఐదో వంతుకు కూడా రాదు.

ఇంకో అవకాశం ఉంది. జనవరి ముప్పై ఒకటిలోగా కొత్త వ్యాసంతో మళ్లీ అడగొచ్చు. వేరే ముగ్గురు చదువుతారు. ఈ ఒక్కసారే అడగనిస్తారు.

ఇక్కడ ఏముందని అంత పాకులాట అని అమ్మ అడిగితే ఇది చెప్పు. క్లాసులో పదిహేను మందికి మించరు. ఒకే బల్ల చుట్టూ కూర్చుంటాం, పాఠం వినడం తక్కువ, వాదించుకోవడం ఎక్కువ. మిగతావాళ్లకంటే ముందు సబ్జెక్టులు ఎంచుకోవచ్చు. రెండో ఏడాదిలోనే ల్యాబ్‌లో చేరొచ్చు. ఇక్కడ కాంతి మీద పనిచేసే ల్యాబ్ ఉంది, లెన్సులు అక్కడే అరగదీసుకుంటారు, నీకు నచ్చుతుంది. చివరి ఏడాది ఒక గైడ్ కింద థీసిస్ రాసి, అందరి ముందు నిలబడి సమర్థించుకోవాలి. వేసవిలో వేరే యూనివర్సిటీకి పంపిస్తారు. నేను ఈ వేసవికి వెళ్తున్నాను. బదులుగా వాళ్లడిగేది మార్కుల సగటు పడిపోకూడదని. పడిపోతే ఒక సెమిస్టర్ గడువిచ్చి పంపించేస్తారు.

మళ్లీ రాయి పిన్నీ. తప్పకుండా రాయి.

నీ సోడాబుడ్డి

*

కళ్లజోళ్ల షాపు, వెనుక గది
డిసెంబరు 15

ఒసే సోడాబుడ్డీ,

నీ ఉత్తరం ఉత్తరంలా లేదు, ప్రాస్పెక్టస్‌లా ఉంది. చివర "నీ సోడాబుడ్డి" అని లేకపోతే ఆఫీసువాళ్లు పంపారనుకునేదాన్ని. ఒంట్లో బాగానే ఉందా?

అడిగితే పరిశీలకుల వ్యాఖ్యలు పంపుతారని తెలిసి అడిగాను. వచ్చాయి. మొదటి ఆయన తొమ్మిది వేశాడు. "ఈ అభ్యర్థి చూడటం తెలిసిన మనిషి" అన్నాడు. ఆ వాక్యం యజమానికి వినిపించాను. "చూడటం కాదు, చూపించడం. మనది ఆ వ్యాపారం" అన్నాడు. మూడోవారు ఎనిమిది వేశారు.

ఇక నా రెండో మహానుభావుడు. ఐదు! "సొంత అనుభవం దగ్గరే ఆగిపోయింది. ఆసక్తి ఉంది కాని, హానర్స్ స్థాయి చదువుకు సిద్ధంగా ఉన్నట్టు కనబడదు. ఈ అభ్యర్థి తన పరిసరాల్లోనే ఎక్కువ రాణిస్తారు." తన పరిసరాలంటే ఈ షాపే కదా? మర్యాదగా "నీ కొట్టు నువ్వు చూసుకో" అన్నాడు. కడిగిన లెన్సులా ఉంది వాక్యం, ఎక్కడా మరక లేదు.

ఇరవై రెండు వచ్చాయి నాకు. రెండు తక్కువ. ఆ మహానుభావుడు ఐదుకు బదులు ఏడు వేసినా నేను అక్కడ ఉండేదాన్ని.

నేను రాసింది నీకు తెలియదు కదా, చెబుతాను. ఆరేళ్ల పిల్లకు మొదటిసారి కళ్లజోడు పెట్టి షాపు గుమ్మంలో నిలబెడితే, ఎదురింటి గోడ చూసి, "గోడకి ఇటుకలున్నాయే!" అని అరిచిన సంగతి. అప్పటిదాకా ఆ పిల్లకు గోడంటే ఎర్రటి మరక. అక్కడ మొదలుపెట్టి, లెన్సు లోపల కాంతికి ఏమవుతుందో నాకు ఎందుకు తెలుసుకోవాలనిపించిందో రాశాను. ఆ పిల్ల ఎవరో నీకు చెప్పక్కర్లేదు.

అనుభవం దగ్గర ఆగిపోవడమంటే ఏమిటి? ఎక్కడ ఆగాను? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు.

నీ పిన్ని

*

హానర్స్ హాస్టల్
జనవరి 4

పిన్నీ,

ఆ వ్యాఖ్యను పట్టించుకోకు. చదివేవాళ్లు హడావుడిలో ఏదో రాస్తారు. ఒక్కొక్కరికి నలభై దరఖాస్తులు ఇస్తారు.

ఇటుకల సంగతి మళ్లీ వాడకు. కాంతి గురించి నేరుగా రాయి. రెండు పుస్తకాలు పంపుతున్నాను, గుర్తు పెట్టిన పేజీలు చూడు. ఎంత రాస్తే అంత పంపు, నేను చూసి పెడతాను. కాదులే, నేను చూడకూడదేమో. నీ క్లాసులో ఎవరికైనా చూపించు.

గడువు మర్చిపోకు. పరీక్ష ఉంది, ఇంతకంటే రాయలేను.

నీ సోడాబుడ్డి

*

కళ్లజోళ్ల షాపు, వెనుక గది
జనవరి 17

ఒసే,

పుస్తకాలు అందాయి. తిప్పి పంపుతున్నాను. మళ్లీ దరఖాస్తు పెట్టడం లేదు.

కోపం వచ్చి కాదు. నెల రోజులు ఆ మూడు వాక్యాలు నెమరేశాను. మొదట తిట్టుకున్నాను, తరువాత నవ్వుకున్నాను. ఇప్పుడు నిజమేననిపిస్తోంది. మొన్న క్లాసులో సారు ఒక ప్రశ్న అడిగారు. జవాబు నాకు తెలుసు. చెయ్యెత్తబోయి, "సిద్ధంగా ఉన్నట్టు కనబడదు" అన్న మాట గుర్తొచ్చి దించేశాను. పక్క కుర్రాడు నేను చెప్పాలనుకున్నదే చెప్పాడు. సారు మెచ్చుకున్నారు.

తొమ్మిది వేసినాయన జాలిపడి వేసి ఉంటాడు. ఐదు వేసినవాడే నన్ను సరిగ్గా చూశాడు. నా వృత్తిలో మొహమాటపడితే తప్పు నంబరు వస్తుంది. అతను మొహమాటపడలేదు.

యజమానికి ఇవాళ చెప్పాను, ఉండిపోతానని. ఆయన సంతోషించాలి కదా? చేతిలోని లెన్సు తుడిచి పక్కన పెట్టాడు. తరువాత, "నీ ముందు కొత్త బోర్డు పెడితే, నువ్వింకా పాతదే చదువుతున్నావేంటమ్మా" అన్నాడు. అర్థం కాలేదు. నీకేమైనా అర్థమైతే రాయి.

మీ అమ్మకు చెప్పేశాను. "సరేలే, భోంచేశావా" అంది. అందుకు ఇంకా బాధేసింది.

పిన్ని

*

హానర్స్ హాస్టల్
జనవరి 21

పిన్నీ,

అక్టోబరు 30 మధ్యాహ్నం, లైబ్రరీ మూడో అంతస్తులో, నీ వ్యాసానికి ఐదు మార్కులు వేసింది నేను.

రెండో మహానుభావుడు నేనే. ఆ మూడు వాక్యాలూ నావే.

నీకు ఒక రూలు చెప్పలేదు. చదువుతుండగా రాసిందెవరో తెలిసిపోతే, ఆ దరఖాస్తును వెంటనే తిరిగి ఇచ్చేయాలి. ఎవరూ కారణం అడగరు. వేరొకరికి ఇస్తారు. రెండో పేరాలో ఇటుకలు కనబడగానే నాకు తెలిసిపోయింది. ఆ పిల్ల నేనే కదా.

లేచి వెళ్లి ఇచ్చేయాల్సింది. ఇవ్వలేదు. ముందు తొమ్మిది వేశాను. తరువాత, సొంత పిన్ని కాబట్టి వేశానా అనిపించి ఎనిమిది చేశాను. ఎవరికైనా తెలిస్తే ఏమంటారోనని ఏడు చేశాను. న్యాయంగా ఉండాలని తగ్గించాను, నిన్నటిదాకా నాకు నేను చెప్పుకున్నది ఇదే.

ఇది చెబితే నువ్వు క్షమిస్తావు. అందుకే ఇక్కడితో ఆపకూడదు. న్యాయం కోసమైతే ఏడు దగ్గర ఆగేదాన్ని. ఏడు వేసి ఉంటే నీకు సీటు వచ్చేది. ఏడు నుంచి ఐదుకు దిగింది వేరే కారణంతో.

ఇక్కడ నన్ను ఎవరూ సోడాబుడ్డి అనరు పిన్నీ. బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు నేను మాట్లాడితే మిగతావాళ్లు రాసుకుంటారు. నువ్వు వస్తే మొదటి రోజే భోజనాల హాల్లో అటు చివర నుంచి "ఒసే సోడాబుడ్డీ!" అని కేకేస్తావు. నాకు పలక మీద అక్షరాలు దిద్దించిందీ, ముక్కు తుడిచిందీ అందరికీ చెబుతావు. నవ్వుతూనే చెబుతావు. అందరూ నన్ను వదిలేసి నీ చుట్టూ చేరతారు. లెన్సుల ల్యాబ్‌కు వెళ్తే నెలలో నా కంటే పేరు తెచ్చుకుంటావు. ఇదంతా ఒక్కసారిగా కళ్ల ముందు కనబడింది. ఐదు వేశాను. వాక్యాలు చాలా శ్రద్ధగా రాశాను. మరక లేదన్నావు, నిజం. మూడుసార్లు తిరగరాశాను.

ఆ తరువాత నువ్వు రాసిన ప్రతి ఉత్తరానికీ అబద్ధం కాని జవాబు వెతికాను. అందుకే ప్రాస్పెక్టస్‌లా ఉంది. నువ్వు చెయ్యి దించేశావని చదివాక ఇక అలా రాయలేకపోయాను, నిజం రాయకుండా ఉండలేకపోయాను.

వ్యాఖ్య తప్పు పిన్నీ. నువ్వు సిద్ధంగా ఉన్నావు. ఇంకా పది రోజులున్నాయి. దరఖాస్తు పెట్టు.

ఎలా సంతకం చేయాలో తెలియలేదు.

*

కళ్లజోళ్ల షాపు
జనవరి 25

హానర్స్ విద్యార్థిని గారికి,

ఉత్తరం అందింది.

చిన్నప్పుడు నీ కళ్లు బాగా లేవని మొదట పట్టుకుంది నేను. మీ అమ్మ, మీ నాన్న, మీ టీచరు అందరూ నిన్ను మొద్దు అనుకున్నారు. బోర్డు మీద కనబడక రాయడం లేదని, తెలివిలేక కాదని చెప్పింది నేను. నీ మీద ఎవరో తప్పుగా రాసిన వ్యాఖ్యను అప్పుడు కొట్టేశాను. నువ్వు అదే వ్యాఖ్యను నాకు రాశావు.

ఇంతకంటే రాస్తే అనకూడని మాటలు వస్తాయి.

పిన్ని

*

హానర్స్ హాస్టల్
ఫిబ్రవరి 2

పిన్నీ,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

జనవరి 28 ఉదయం హానర్స్ డైరెక్టర్ మేడమ్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను, ఏడు నుంచి ఐదుకు ఎందుకు దిగానో సహా. ఆవిడ కోప్పడలేదు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "గుర్తుపట్టగానే ఎందుకు తిరిగివ్వలేదు?" అని ఒక్కటే అడిగారు. "వేరే ఎవరి చేతిలోనైనా పడితే మా పిన్నికి అన్యాయం జరుగుతుందేమోనని మొదట ఇవ్వలేదు, మేడమ్" అన్నాను. "నీ చేతిలో పడితే ఏమైంది?" అన్నారు.

నన్ను పరిశీలకుల నుంచి తీసేశారు. నేను హానర్స్‌లో ఉంటానో లేదో కమిటీ తేలుస్తుంది. వేసవి ప్రయాణం ప్రస్తుతానికి ఆగింది. నా థీసిస్ గైడ్‌కు నేనే వెళ్లి చెప్పాను. ఆయన మిగిలిన అధ్యాయం తెచ్చి ఇవ్వమన్నారు. అది మంచికో చెడుకో తెలియలేదు.

నీ సంగతి. నా ఐదును కొట్టేస్తారు. మిగిలిన తొమ్మిది, ఎనిమిది సగటు తీస్తే సీటు వస్తుంది. కొత్త దరఖాస్తు అక్కర్లేదు. కాని ఖరారు చేసే ముందు నీతో ఒకసారి మాట్లాడతారట. నీకు పిలుపు పంపారు. ఫిబ్రవరి 12, గురువారం. నీకు జరిగిన నష్టం ఏమిటో చెబితే చాలు.

క్షమించమని అడగడం లేదు. నువ్వు రావాలి. హాల్లో ఎంత గట్టిగా పిలిచినా పలుకుతాను. నేను అప్పటికి ఇక్కడ ఉంటే.

సోడాబుడ్డి

*

కళ్లజోళ్ల షాపు, వెనుక గది
ఫిబ్రవరి 7

ఒసే,

పిలుపు అందింది. నాలుగు రోజులు బల్ల మీద పెట్టుకుని చూశాను. నీకొకటి చెప్పకుండా ఆ గదిలోకి వెళ్లలేను.

సెప్టెంబరులో మీ అమ్మ ఫోన్ చేసి, "మా అమ్మాయి ఈసారి హానర్స్ దరఖాస్తులు దిద్దుతుందటే" అని మురిసిపోయింది. అప్పటికి నా వ్యాసం పూర్తయింది. అందులో ఇటుకలు లేవు. అరిగిన లెన్సు అంచు దగ్గర కాంతి రంగులుగా ఎందుకు విడిపోతుందో రాశాను. బాగానే వచ్చింది. దాన్ని పక్కన పెట్టేసి ఇటుకల వ్యాసం రాశాను. ఎవరు చదువుతారో తెలియదు, అంతమంది పరిశీలకుల్లో నీ చేతికి రావచ్చు, రాకపోవచ్చు. వస్తే మాత్రం నువ్వు గుర్తుపట్టాలి. అందుకే రెండో పేరాలోనే పెట్టాను. చివర్లో పెడితే ఈలోగా మార్కులు వేసేస్తావేమోనని.

తిరిగివ్వాలన్న రూలు నువ్వు నాకు చెప్పలేదన్నావు. ఆ రూలు దరఖాస్తు కాగితం వెనుకే ఉంది. చదివాను. నువ్వు ఆ రూలు తప్పాలనే కోరుకున్నాను. తప్పావు. కాకపోతే నేను కోరుకున్న వైపుకు కాదు.

వ్యాఖ్యలు వచ్చినప్పుడు రెండోది నీదేమోనని ఒక్క క్షణం అనిపించింది. అందుకే ఆ ఉత్తరంలో ఇటుకల కథ నీకు తెలియనట్టు మొత్తం చెప్పాను. నువ్వు నోరు విప్పుతావేమోనని చూశాను. నువ్వు పుస్తకాలు పంపావు. పోనీ అనుకున్నాను. నువ్వు చేసింది బయటపడితే నేనేం చేశానో కూడా బయటపడుతుంది కదా.

మొన్న నీ మీద అంత కోపంగా రాశాను చూడు, అప్పుడు కూడా ఇది దాచాను. ఆ ఉత్తరంలో ప్రతి మాటా నిజమే. కాని రాసే హక్కు నాకు సగమే ఉంది. ఇవాళ షాపులో మళ్లీ ఆ లైసెన్సు పెద్దాయన వచ్చాడు. కొత్త కళ్లజోడుతో బోర్డు మొత్తం నిజంగానే చదివాడు. "ఈసారి బట్టీ పట్టలేదమ్మా" అన్నాడు. యజమాని నా వైపు చూశాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

డైరెక్టర్ మేడమ్‌కు ఇదంతా చెబుతాను. చెప్పకపోతే సీటు వస్తుంది, నువ్వొక్కదానివే దోషివవుతావు. చెబితే, గుర్తుపట్టేలా రాసినందుకు ఇక ఎప్పటికీ దరఖాస్తు పెట్టకుండా చేయొచ్చు. వద్దని ఫోన్ చేయకు. ఉత్తరానికి ఉత్తరమే బదులన్నావు, ఇప్పుడు రాసినా గురువారంలోగా నాకు అందదు.

పక్కన పెట్టిన వ్యాసం వెంట తెస్తున్నాను. చదువుతామంటే ఇస్తాను. వద్దంటే తిరిగి తెచ్చుకుంటాను. ఈ గదిలో లెన్సులు ఎలాగూ ఉన్నాయి. యజమాని గురువారం సెలవిచ్చాడు, శుక్రవారం సంగతి శుక్రవారం చూద్దామన్నాడు.

ఉదయం ఆరింటి బస్సుకు వస్తాను. స్టాండుకు రాకు. పదకొండింటికి నన్ను పిలుస్తారు, పదకొండున్నరకు నిన్ను. నేను బయటికి వస్తుంటే నువ్వు లోపలికి వెళ్తుంటావు, గుమ్మం దగ్గర ఎదురుపడతాం. నిన్ను ఏమని పిలవాలో అప్పటికి ఆలోచించి చెప్పు.

నీ పిన్ని